శ్రీకాంత్ కుడి భుజం

2023 వర్షాకాలం. శంషాబాద్ బస్టాండ్ దగ్గర నా ఫిజియోథెరపీ క్లినిక్. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎయిర్‌పోర్టులో సామాన్లు మోసేవాళ్లు, నడుము పట్టేసిన రైతులు. రగ్బీ ఆటగాడు రావడం అదే మొదలు. నాకసలే ఆరా ఎక్కువ. భుజం చూడకముందే ప్రశ్నలు మొదలుపెట్టాను.

శ్రీకాంత్‌ది పక్క ఊరే, సాతంరాయి. ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం, సెలవు రోజుల్లో క్లబ్ టీంలో ఆట. అతను ప్రాప్, అంటే స్క్రమ్‌లో ముందు వరుస చివర ఉండే బలశాలి. స్క్రమ్‌లో రెండు జట్లవాళ్లూ వంగి, తమవాళ్లను గట్టిగా పట్టుకుని, ఎదుటివాళ్లను నెడతారు. శ్రీకాంత్ తన కుడి చేతిని పక్కవాడి వీపు చుట్టూ బిగించాలి. ఆ భుజమే జారింది.

నెలల వ్యాయామంతో భుజం బాగుపడింది. టోర్నమెంట్ వచ్చే వారమే. ఇక మిగిలింది ఒకే పరీక్ష, జట్టువాడిని పట్టుకుని నెట్టి చూపించడం. అది చూడకుండా ఆడమని చెప్పను. "మీవాళ్లలో ఎవరినైనా తీసుకురా" అంటే తల ఊపేవాడు, మళ్లీ ఒక్కడే వచ్చేవాడు. పైగా ఆ మాట ఎత్తగానే నా చేతికింద కండ బిగుసుకునేది. దాన్ని గార్డింగ్ అంటాం. నొప్పి వస్తుందేమోనని శరీరం ముందే కాపలా కాయడమన్నమాట. కానీ ఇతనికి నొప్పే లేదు!

"ఏంది శ్రీకాంత్, నొప్పి లేదంటవ్, కండ గిట్లెందుకు బిగుసుకపోతుంది?"

"భయమైతుంది మేడమ్."

మోకాలు బూరెలా వాచినా "ఏం కాలే" అనే మగవాళ్లనే చూశాను ఇన్నేళ్లూ. ఇంత కొండలాంటి మనిషి అంత తేలిగ్గా భయమనేసరికి ఆశ్చర్యమేసింది.

"దేనికి భయం?"

"నేను గే అని టీంల అందరికి చెప్పిన. అప్పటిసంది ఒక్కరు ఫోన్ జెయ్యలే. ఇగ స్క్రమ్‌ల నన్ను పట్టుకుంటరో లేదో."

"ఆట మానేస్తవా మరి?"

"ఎట్ల మానేస్త మేడమ్? గేలు గిసొంటి ఆట ఆడలేరు అనేటోళ్ల మాటే నిజమైతది."

"అయితే ఇప్పుడే పిలువు" అన్నాను. నా ముందే కెప్టెన్ యాదగిరికి ఫోన్ చేశాడు. స్క్రమ్‌లో ఇతని పక్కన ఉండేది అతనే.

యాదగిరి మర్నాడే వచ్చాడు. చెప్పులు విడిచి గుమ్మంలోనే నిలబడిపోయాడు. రమ్మంటే వచ్చి, వేడి గిన్నె పట్టుకున్నట్టు శ్రీకాంత్ చొక్కా కొసను పట్టుకున్నాడు. శ్రీకాంత్ ముఖం వాడిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"స్క్రమ్‌ల గిట్లనే పడతవా తమ్మీ?"

యాదగిరి చొక్కా కొస వదిలేశాడు. "రెండు భయాలున్నయ్ మేడమ్. ఒకటి, బుజం మళ్ల జారుతదేమోనని. ఇంకోటి, నా నోట్లకెల్లి ఏమన్న తప్పు మాటొస్తె వీడు బాధపడతడని. గందుకే ఫోన్ జెయ్యలే." శ్రీకాంత్ వైపు తిరిగాడు. "నువ్వు లేక మన దిక్కు కూలిపోతుందిర. నాకు మాట్లాడొస్తలేదు. జర పట్టుకో."

ఇద్దరూ వంగారు. శ్రీకాంత్ చేయి అతని వీపు చుట్టూ బిగిసింది. గోడకు ఆనించిన పరుపును నెట్టమని చెప్పి, శ్రీకాంత్ భుజం మీద చేయి వేసి చూశాను. కండ పనిచేస్తోంది. కాపలా కాయడం మానేసింది.

"ఏడుస్తున్నవార?" యాదగిరి తల ఎత్తకుండానే అడిగాడు.

"అవునే అన్నా."

"సరే, నెట్టు."

అప్పటి నుంచి ఆటగాడెవరొచ్చినా, నొప్పి ఎక్కడని అడిగాక, నీ పక్కన నిలబడేదెవరని కూడా అడుగుతున్నాను. మొదటి వారమే వాళ్లను వెంట తెమ్మంటున్నాను.