పగులు పరుగందుకునే ముందు

మొన్న మనవడు ఫోను కింద పడేసుకుని, అద్దం మూల నుంచి బయల్దేరిన సన్నని గీతను నాకు చూపించి "చల్తా హై తాతా, ఏం కాదులే" అన్నాడు. వాడు నవ్వాడు, నేను మాత్రం ఆ గీత మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

ఎనిమిదో తరగతితోనే బడికి దండం పెట్టేసిన నేను, డెబ్భైలలో జంషెడ్‌పూర్‌లోని ఒక ప్రయోగశాలలో సహాయకుడిగా చేరి, గాజు పలకల మీద వెండి రంగుతో సన్నని గీతలు గీసేవాణ్ణి; ఒక్కో గీతలో కరెంటు పారేది, పలకను బిగించి లాగితే పగులు పరుగెత్తుతూ గీతల్ని వరసగా తెంపేది, ఏది ఎప్పుడు తెగిందో చూసి మా సారు వేగం లెక్కగట్టేవారు. ఆ వేగంతో బిష్టుపూర్‌లో బయల్దేరితే ఒకటి, రెండు, మూడు అనేలోగా నాలుగైదు కిలోమీటర్ల అవతలి టాటానగర్ స్టేషన్లో ఉంటామనీ, ఈ సంగతి ఆటోవాళ్ళకి తెలియనివ్వకూడదనీ నేను ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ణి.

నవ్వనిది ఒక్క మా బావే, అంటే అక్క మొగుడు. ఆయన ఒక చిన్న ఫ్యాక్టరీలో బాయిలర్ చూసేవాడు. నీటిమట్టం చూపే గాజు గొట్టం ఒకరోజు టిక్కుమని పేలి, మరిగే నీళ్ళు మొహాన కొట్టి, పక్కనే ఉన్న ఆయన జతగాడికి రెండు కళ్ళూ పోయాయి. ఆ చప్పుడు విని కూడా అరవలేకపోయానని మూడేళ్ళుగా అన్నం సరిగ్గా తినని మనిషి, ఒక సాయంత్రం బాగ్‌బేరాలో వాళ్ళ వాకిట్లో నన్ను కూర్చోబెట్టుకున్నాడు.

"ఒరే, నీ ఎకసెక్కాలాపి సెప్పు. నానరిసుంటే ఆడు తప్పుకునేవోడేటి?"

"నువ్వు నోరు తెరిసేలోగా అయిపోద్ది బావా. రెప్ప కూడా పడదు."

బిగుసుకున్న ఆయన భుజాలు కిందికి దిగాయి. అప్పుడు మెల్లిగా అన్నాడు.

"ఆ పొద్దున్న గొట్టం మీద ఎంట్రుకంత గీత సూసాన్రా. డూటీ అయ్యేదాకా ఆగుతాదిలే అనుకున్నాను. అదీ పగులేనేటి?"

మా ప్రయోగశాలలో రెండో కొలత కూడా ఉండేది. తడి తగిలే గాజు మీద బరువు ఉంచితే, పగులు రోజుల తరబడి నత్తకంటే నెమ్మదిగా పాకి, ఒక హద్దు దాటాకే పరుగందుకుంటుంది; ఆ పాకుడుని మైక్రోస్కోపులో చూసి పొద్దునా సాయంత్రమూ రాసిపెట్టేది నేనే. గొట్టం మార్చడానికి ఆయనకి పొద్దుటి నుంచీ వ్యవధి ఉందని నాకు తెలుసు.

"అది ఒట్టి గీరుడు బావా. బ్రష్షు తగిలుంటాది" అన్నాను, నా జన్మలో నవ్వకుండా ఆడిన అబద్ధం అదొక్కటే.

ఆ పూట బావ మా అక్క చేత మారు వడ్డించుకుని తిన్నాడు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు. మా కాలపు గాజు గొట్టాలూ పోయాయి, నీటిమట్టం ఎక్కడో తెర మీద అంకెలై కనిపిస్తుందట. జతగాడు ముందూ, బావ తర్వాతా వెళ్ళిపోయారు. నేనాడిన ఆ మాటను నమ్మడానికి ఇక మిగిలింది నేనొక్కణ్ణే. నా వల్ల కావడం లేదు.