మాణిక్యం, మా అత్తగారి చుట్ట, నేను

పిల్లలూ, అంత దూరాన పాల ప్యాకెట్ కత్తిరించి కాఫీ పెట్టుకునే మీకు, మీ అమ్మమ్మ పరువు ఒక గేదె కాళ్ళ దగ్గర ఎలా పోయిందో చెప్తాను. మెల్లగానే చెప్తాలే, నాకు గట్టిగా మాట్లాడ్డం రాదుగా. మీరు మాత్రం గట్టిగానే నవ్వుకోండి.

డెబ్భైల్లో మాట. భవానీపురంలో కుళాయి తిప్పి పెరిగినదాన్ని, పెళ్ళయ్యి మైలవరం అవతల పొలంలో ఇంటికొచ్చి పడ్డాను. బస్సు దిగాక రెండు గంటలు ఎడ్లబండి. అగ్గిపెట్టె అయిపోతే పక్కింట్లో అడుగుదామన్నా, పక్కిల్లంటూ ఉంటేగా!

మా అత్తగారు మా ఆడబిడ్డ పురుడికి బెజవాడ బయల్దేరుతూ, బండెక్కి మళ్ళీ దిగారు.

"మాణిక్యాన్ని మా చెల్లెలింటికి తోలించనా అమ్మాయ్? పూటపూటా పితక్కపోతే పొదుగు పాడైపోద్ది. ఇక ఇంట్లో పాలచుక్క ఉండదు."

"ఎందుకండీ, నేను లేనూ? పితకడం నేర్పారుగా."

"నువ్వా?" అన్నారావిడ. ఆ 'నువ్వా' ఇప్పటికీ నా చెవిలో ఉంది.

సాయంత్రం దూడను వదిలి, చెంబు పట్టుకుని కూర్చున్నా. చుక్క దించలేదు మహాతల్లి. ఒక్క తన్ను! చెంబు వెళ్ళి గడ్డివాములో పడింది. పాలిచ్చే గేదె తన్నినా పడాలంటారు. పాలివ్వకుండానే తన్నే గేదె సంగతి మాత్రం పెద్దలెవరూ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నా అంతే. పొదుగు రాయిలా బిగిసిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

"దానికి మా అమ్మే కావాలి. అమ్మ చీర కట్టుకుని చూడు," అన్నారు మీ తాతయ్య.

కట్టాను. మాణిక్యం నన్ను వాసన చూసి, సగం నమ్మింది.

"ఇంకేదో తక్కువైంది... ఆఁ, చుట్ట!" అన్నారు.

నిజమే. నోట్లో చుట్ట లేకుండా మా అత్తగారు ఏనాడూ పాలు పితకలేదు.

"కాలుస్తావా, గేదెని తోలించెయ్యనా?"

"తెండి!"

రెండు దమ్ములు లాగేసరికి దగ్గుతో నా పేగులు నోట్లోకొచ్చాయి. మాణిక్యం మాత్రం హాయిగా కళ్ళు మూసుకుంది. సుయ్యిమని ధార!

అంతలో వెనకనుంచి మా మావగారు.

"ఏమే, చెప్పాపెట్టకుండా వచ్చేశావా? బతికించావు! నువ్వెళ్ళిన కాణ్ణించీ కోడలి పప్పుచారులో పప్పు కోసం వెతుక్కుంటున్నాను."

చెయ్యి ఆపితే పాలు ఆగుతాయి, నోరు తెరిస్తే చుట్ట పడుతుంది. "ఊఁ" అన్నాను.

"పిల్ల మంచిదేలే. పొయ్యి దగ్గరికి వెళ్ళనంతసేపూ."

ఇక ఆగలేక తిరిగాను. "మావయ్యగారూ, నేనండీ..."

నా చుట్ట కింద పడింది. ఆయన కండువా కింద పడింది. "పప్పుచారు బ్రహ్మాండంగా ఉందమ్మా!" అంటూ చేలోకి అడ్డంపడి పారిపోయారు.

పోతే పోయింది పరువు, చెంబు నిండింది! పదిరోజులూ పూటకో చుట్ట, పూటకో చెంబు. చివరికి దగ్గు కూడా రావడం మానేసింది, ఆ సంగతి మీ అమ్మకి చెప్పకండి.

మా అత్తగారు తిరిగొచ్చేసరికి వాకిట్లో మాణిక్యం నిగనిగలాడుతోంది, ఉట్టి మీద గిన్నెడు నెయ్యి.

"ఎట్లా పితికావే?"

చెప్పాను. ఆవిడ నవ్వీ నవ్వీ మంచం మీద కూలబడ్డారు.

"పిచ్చిమొహమా! దానికి కావాల్సింది వాసనేగా. చుట్ట వెలిగించి పక్కన రాటకి గుచ్చితే పోయేదానికి, నువ్వు కాల్చావంటే!" అని కళ్ళు తుడుచుకుని, "ఇవాళ్టినుంచి మాణిక్యం నీదే," అన్నారు.

ఆ నెయ్యిగిన్నె మీద చెయ్యేసి అప్పుడే ఒట్టేసుకున్నాను పిల్లలూ: ప్రాణం పోయినా సరే, ఈ జన్మలో ఏ గేదె కోసమూ మళ్ళీ చుట్ట కాల్చను. రాటే కాలుస్తుంది.