మ్యాచ్ ఏమైందో బావకు ఎవరూ చెప్పలేదు

మూడో రోజు పొద్దున పిట్టకు పెట్టాం. పిట్ట రాలేదు.

మా దిక్కు పోయిన మనిషికి మూడో రోజు ఇష్టమైనవన్నీ వండి, పూడ్చిన బొంద మీద విస్తట్లో పెట్టి, అందరూ దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. అదేమిటో ఊహించి, తీరుస్తామని పైకి మాటివ్వాలి. అప్పటిదాకా ఇంటివాళ్ళు మంచినీళ్ళు కూడా తాగరు. ఆ రోజు తాగనిది మా అక్క. పోయింది మా బావ.

అక్కకు షుగర్. పొద్దున వేసుకోవలసిన గోలీ కొంగున ముడివేసుకుని, పొలంలో ఎండలో నిలబడి ఉంది. నీళ్ళ బాటిల్ నా చేతిలో ఉంది. బావ పోయినప్పటి నుంచి ఆమె సరిగ్గా తిన్నది లేదు. ఆమె కళ్ళు తిరిగి పడేలోపు కాకి రావాలి. ఆ పూట మా అందరికీ ఉన్న పని అదొక్కటే, అది కూడా మా చేతిలో లేదు.

విస్తట్లో మటన్ కూర, జొన్నరొట్టె, పక్కన సీసాలో కల్లు పెట్టారు. ఇంకేం కావాలో చెప్పమన్నట్టు బంధువులు నావైపు చూశారు. బావకు ఏం కావాలో అందరికంటే నాకే తెలియాలని వాళ్ళ నమ్మకం. అందుకు కారణం బాస్కెట్‌బాల్.

బావ వనపర్తిలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ కాలేజీ జట్టులో ఉన్నాడు. ఉన్నాడంటే బెంచీ మీద ఉన్నాడు. ఒక్కసారి కోర్టులోకి దిగాడు, ఎవరో నీళ్ళు ఒలకబోస్తే తుడవడానికి. చదువయ్యాక మోటార్ వైండింగ్ షాపు పెట్టాడు. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి కొత్త రాగితీగ చుట్టేవాడు. ఆ కాలేజీ జట్టుకు మ్యాచ్ ఉన్న రోజు మాత్రం షాపుకు తాళం పడేది. రైతులు మోటార్లు అరుగు మీద పెట్టి, తిట్టుకుంటూ పోయేవాళ్ళు. అక్కను చేసుకున్న కొత్తలో, బండి మీద వెనక కూర్చోవడానికి ఒక మనిషి కావాలని నన్ను తీసుకుపోవడం మొదలుపెట్టాడు. బావమరిదిని కనక కాదనలేకపోయాను. తర్వాత ఇరవై ఏళ్ళు కాదనడం గుర్తుకు రాలేదు.

మా జట్టు గొప్పది కాదు. అడ్మిషన్ల రోజు కౌంటర్ దగ్గర నిలబడి, తలుపు చట్రానికి తల తగిలే పిల్లలను పీడీ సారు జట్టులోకి తీసుకునేవాడు. మన్ననూర్ నుంచి వచ్చిన ఒక పొడుగాటి పిల్లవాడు హాస్టల్ ఫారం అనుకుని సంతకం పెట్టి, మూడేళ్ళు సెంటర్‌గా ఆడిపోయాడు. బాగానే ఆడాడు. ఉప్పునుంతల పిల్లవాడు ఒకడు నిజంగా మంచి ఆటగాడు, కాకపోతే పత్తి ఏరే రోజుల్లో ఇంటికి పోయేవాడు. టోర్నమెంట్లు ఆ రోజుల్లోనే పెట్టేవాళ్ళు.

వానాకాలం కోతలయ్యాక మా కోర్టు సగం వడ్లకిందికి పోయేది. ఆ చుట్టుపక్కల అంత చదునైన సిమెంటు ఇంకెక్కడా లేదు. మ్యాచ్ ఉంటే పీడీ సారు రైతులను బతిమాలి వడ్లను గీతల అవతలికి నెట్టించేవాడు. మిగిలిన గింజల మీద బయటి జట్లవాళ్ళు జారిపడేవాళ్ళు, మావాళ్ళు పడేవాళ్ళు కాదు. సొంత మైదానం వల్ల మాకున్న లాభం అంతవరకే.

గద్వాలకు జనం చీరల కోసం పోతారు. మేం ఓడిపోవడానికి పోయేవాళ్ళం. కృష్ణ దాటి అంత దూరం బండి మీద పోతే, అక్కడి పిల్లలు సగం తెలుగులో, సగం కన్నడంలో వెక్కిరించేవాళ్ళు. కన్నడం అర్థమయ్యేది కాదు కనక మాకు సగం అవమానమే జరిగేది. బావ అరిచేవాడు కాదు, చప్పట్లు కొట్టేవాడు కాదు. మా జట్టు బెంచీ పక్కన కింద కూర్చుని, ముప్పై పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు కూడా, "జర ఆగు, ఇప్పుడే గాడిల పడుతుండ్రు" అనేవాడు. ఆఖరి విజిల్ పడేదాకా లేచేవాడు కాదు. తర్వాత ఓడిన పిల్లలందరికీ మిరపకాయ బజ్జీలు తినిపించేవాడు. గెలిస్తే ఏం తినిపించాలో మేం ఎప్పుడూ ఆలోచించలేదు, అవసరం పడలేదు.

ఒకసారి తిరిగి వస్తుంటే, ఇంకో జట్టును పట్టుకుందామని అన్నాను. నాగర్‌కర్నూల్ వాళ్ళు బాగా ఆడుతున్నారు, దగ్గర కూడానని చెప్పాను. బావ బండి నడుపుతూనే, వెనక్కి తిరగకుండా అన్నాడు:

"మీ అక్కను మార్చుకొమ్మని ఎవరన్న చెప్తుండ్రా నాకు? ఇది గూడ గంతే."

అక్క వైపు నుంచి కూడా పెద్ద ప్రోత్సాహం ఉండేది కాదు. ఆమె దాన్ని ఆట పేరుతో ఎప్పుడూ పిలవలేదు, బుట్టల బంతి అనేది. బుట్టల బంతి ఏసుడు చూడనీకి గద్వాల దాకా పోవాల్నా అని ప్రతిసారీ అడిగి, ప్రతిసారీ రొట్టెలు కట్టి ఇచ్చేది.

ఈ ఏడు ఒక వింత జరిగింది. మొదటి మ్యాచ్‌కు అవతలి జట్టు వాహనం చెడిపోయి రాలేదు, మేం గెలిచాం. రెండోది గద్వాలలో, గద్వాల మీద, నిజంగా గెలిచాం. బావ ఇల్లు చేరేదాకా బండి ఎక్కడా ఆపలేదు. బండి దిగేటప్పుడు నన్ను ఆపి, "గెలిచినం గద?" అని అడిగాడు. సాక్ష్యం కోసం అడిగినట్టు అడిగాడు. అవునన్నాను. సెమీఫైనల్ నాగర్‌కర్నూల్‌లో అన్నారు. ఆ ముందు రోజు బావ బండి కడిగాడు, టైర్లలో గాలి కొట్టించాడు, షాపుకు పోయి మోటారు ముందు కూర్చున్నాడు. ఛాతీలో నొప్పి అన్నాడట. దవాఖానకు చేరేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదన్నారు.

సెమీఫైనల్ నాడే మట్టి చేశాం.

నాకు ఏడుపు రాలేదు. రావడానికి కావలసినవన్నీ ఉన్నాయి, డప్పులు, బంధువులు, వాకిట్లో టెంటు. నేను మాత్రం టెంటు గుడ్డకు పడ్డ చిరుగును చూస్తూ కూర్చున్నాను. ఎవరో సూదితో కాకుండా పిన్నీసుతో బిగించారు, దాన్ని గురించి చాలాసేపు ఆలోచించాను. పరామర్శకు వచ్చినవాళ్ళు, నా జోకుల సంగతి తెలిసినవాళ్ళే కనక, నా దగ్గర ఒక జోకో కాస్త కన్నీళ్ళో ఉంటాయనుకుని, రెండూ దొరక్క టీ తాగి పోయారు.

పొలంలో కాకులు లేక కాదు. కరెంటు తీగ మీద రెండు కూర్చుని ఉన్నాయి. ఎవరు కదిలితే వాళ్ళవైపు తల తిప్పి చూస్తున్నాయి.

మాటలివ్వడం మొదలైంది. బావ అక్కగారు ముందుకు వచ్చి, షాపు మూసేది లేదని, కొడుకు నడిపిస్తాడని బొందకు చెప్పింది. బావ కొడుకు, మా మేనల్లుడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. షాపు తను నడపబోతున్నట్టు అతనికి అప్పుడే తెలిసింది. కాకులు కదల్లేదు. ఎవరో కల్లు సీసా మూత తీయలేదని గుర్తుచేస్తే తీశారు. అప్పటికీ కదల్లేదు. ఇంకెవరో శ్రీశైలం తీసుకుపోతామని మొక్కారు. బావకు శ్రీశైలం మీద ప్రత్యేకమైన ఆసక్తి ఉన్నట్టు నాకు తెలియదు. కాకులకూ తెలిసినట్టు లేదు.

అక్క ఒక చేత్తో నా భుజం పట్టుకుంది. బరువంతా నా మీద మోపింది. గోలీ వేసుకోమన్నాను. తల అడ్డంగా ఊపింది.

అప్పుడు బావ అన్న, మా అందరికీ పెద్దాయన, తలకు చుట్టిన తువ్వాల విప్పి చేత్తో పట్టుకుని బొంద దగ్గరికి పోయాడు. 

"తమ్మీ, గట్టు జర నీ దిక్కు జరిపిన మాట నిజమే. యెనకకు జరుపుత. తిను" అన్నాడు.

 ఇద్దరి పొలాల మధ్య ఉన్న ఆ గట్టు మీద అన్నదమ్ములు ఆరేళ్ళుగా మాట్లాడుకోలేదు. తీగ మీది కాకుల్లో ఒకటి లేచింది. పెద్దాయన ఆశగా తలెత్తాడు. అది పక్క చేనువైపు పోయింది.

ఎండ ఇంకా ఎక్కింది. అక్క నా భుజం వదల్లేదు. బొందవైపే చూస్తూ అడిగింది:

"మ్యాచ్ ఏమైంది?"

"ఏ మ్యాచ్?"

"ఏ మ్యాచ్ అంటవేందిరా. నాగర్‌కర్నూల్ల ఆడిండ్రు గద."

"తెల్వదక్కా."

అక్క తల తిప్పి నన్ను చూసింది. "నీకు తెల్వదా" అంది, అడిగినట్టు కాదు.

నిజంగానే తెలియదు. ఫోన్ జేబులోనే ఉంది. పీడీ సారు చేసిన కాల్స్ అందులో ఉన్నాయి. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా, మావాళ్ళు ఏం చేశారో అన్న ఆలోచన నాకు రాలేదు. ఏడుపు రాకపోవడం నాకు పెద్దగా వింత అనిపించలేదు గానీ, ఇది కొంచెం అనిపించింది.

"కనుక్కొని ఆయనకు చెప్పు" అంది అక్క. "పిలగాడు పుట్టిననాడు గూడ మ్యాచ్ అయినంకనే వచ్చిండు ఆయన. ఇంకేం కోరికుంటది."

ఆ పొలంలో బోరు స్టార్టర్ డబ్బా దగ్గర తప్ప ఫోన్ అందదు. అక్కను నడిపించుకుంటూ అక్కడికి పోయాను. ఒక్కొక్కరే అందరూ మా వెనక వచ్చారు. పీడీ సారు ఫోన్ ఎత్తి, బావ ఎంత మంచివాడో చెప్పడం మొదలుపెట్టాడు. స్పీకర్ పెట్టమని అక్క సైగ చేసింది. పెట్టాను.

"గదంత తర్వాత. ఆట చెప్పమను" అంది.

అట్లాంటి శ్రోతలు పీడీ సారుకు ఎప్పుడూ దొరకలేదు. మొదటి నుంచి చెప్పాడు. మొదటి క్వార్టర్‌లో మావాళ్ళే ముందున్నారు. ఆ మాటకు బంధువుల్లో కదలిక వచ్చింది. ఉప్పునుంతల పిల్లవాడు పత్తి వదిలేసి వచ్చి, దూరం నుంచి వరసగా మూడేసి పాయింట్లు కొట్టాడట. మూడు ఎట్లా వస్తాయని పెద్దాయన అడిగాడు. దూరం నుంచి వేస్తే మూడు, దగ్గర నుంచి అయితే రెండని చెప్పాను. కష్టపడి దగ్గరిదాకా పోయినోనికి తక్కువనా, గదేం న్యాయమని ఆయన అభ్యంతరం చెప్పాడు. రెండో క్వార్టర్ సమానం. బావ అక్కగారు చేతులు జోడించింది. మూడో క్వార్టర్‌లో ఉప్పునుంతల పిల్లవాడికి ఐదో ఫౌల్ పడి బయటికి పంపేశారు. ఐదు తప్పులు చేస్తే ఇక ఆ రోజుకు ఆడనివ్వరని నేను వివరించాను. పెద్దాయన ఆ నియమం విని, తువ్వాలను ఇంకో చేతికి మార్చుకున్నాడు.

ఆ తర్వాతది పీడీ సారు తొందరగా చెప్పాడు. తొమ్మిది పాయింట్లు.

"ఓడిండ్రా?" అంది అక్క.

"ఓడినం."

గెలిచారని చెప్పేద్దామా అని బావ అక్కగారు మెల్లగా అంది. క్వార్టర్ల లెక్క అడుగుతాడు, దొరికిపోతామని నేనన్నాను. మూడు రోజుల్లో నేను వేసిన మొదటి జోకు అది. ఎవరూ దాన్ని జోకుగా తీసుకోలేదు. అందరూ ఒప్పుకున్నారు.

ఉన్నది ఉన్నట్టు చెబుదామని బొందవైపు తిరిగాను. విస్తరి చెదిరి ఉంది. మటన్ ముక్కలు లేవు. రొట్టె ఒక పక్కన చిరిగి, కొంచెం దూరంలో పడి ఉంది. తీగ మీద కాకి లేదు. పక్క చేనులో ఒక కుక్క నింపాదిగా నడిచిపోతోంది.

ఎవరూ చూడలేదు. అందరం ఫోన్ చుట్టూ, ఇటు తిరిగి ఉన్నాం. కాకే అయి ఉంటుందని కొందరు, రొట్టె అంత దూరం లాగేది కాకి కాదని కొందరు అన్నారు. మళ్ళీ వడ్డించి మళ్ళీ నిలబడాలా అన్న దగ్గర చర్చ ఆగింది. అందరూ పెద్దాయన ముఖం చూశారు. ఆయన కుక్కను చూస్తున్నాడు.

"పిట్టనే. నేను జూసిన" అంది అక్క.

ఆమె చూడలేదు. ఫోన్ ఆమె చెవికి దగ్గరగా పట్టుకున్నది నేనే, ఆమె వీపు బొందవైపు ఉంది. పెద్దాయన సరే అన్నాడు. నేను బాటిల్ మూత తీసి ఇచ్చాను. అక్క కొంగు ముడి విప్పి, గోలీ నోట్లో వేసుకుని, ఆగకుండా నీళ్ళు తాగింది. కొన్ని జాకెట్ మీద పడ్డాయి, తుడుచుకోలేదు.

భోజనాలకు కదులుతుంటే పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. పిట్ట దేనికి వచ్చినట్టు, ఆటకా, గట్టుకా అని గొంతు తగ్గించి అడిగాడు. తెలియదన్నాను. ఆటకే అయ్యుంటదని, తమ్మునికి ఆటంటే పిచ్చి గదా అని ఆయనే అన్నాడు. గట్టు మాట మేమందరం విన్నామని చెప్పాను. విన్నరులే అని, తువ్వాల తలకు చుట్టుకుంటూ ముందుకు నడిచాడు.

నేను ఒక్కణ్ణి బొంద దగ్గరికి పోయి, తొమ్మిది పాయింట్లతో ఓడిపోయామని చెప్పాను. ఐదో ఫౌల్ సంగతి చెప్పాను. మొదటి రెండు క్వార్టర్లు బాగా ఆడారని కూడా చెప్పాను. అయ్యాక, ఇప్పుడు ఏడుపు వస్తుందేమోనని కొంతసేపు నిలబడ్డాను. రాలేదు. చీమలు రొట్టె ముక్క దగ్గరికి చేరుతున్నాయి. అన్నం చల్లారుతుందని అక్క పిలిస్తే పోయి తిన్నాను.