బాబా తుపాకీకి కొత్త కట్టె

నా చేతికి వచ్చింది తుపాకీ కాదు, తుపాకీ కట్టె. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే నేను సౌదీలో తుపాకులు తయారు చేస్తున్నానని మా ఊళ్లో ఎవరో పుకారు లేపారు. నేను చేసేవి తలుపులు, వంటింటి అల్మరాలు. రియాద్ పక్కన సులైలో, గోదాముల మధ్య, నాకు వీసా ఇచ్చిన కఫీల్‌కు ఒక వడ్రంగి దుకాణం ఉంది. పన్నెండేళ్లుగా అందులో పెద్ద వడ్రంగిని నేనే. చిన్న వడ్రంగిని కూడా నేనే.

ఒకరోజు పొద్దున కఫీల్ తన తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పెద్దాయనను మేమంతా బాబా అని పిలుస్తాం. సన్నగా, నిటారుగా ఉంటాడు. ఎవరితో మాట్లాడినా తల కాస్త పక్కకు తిప్పి మరీ చూస్తాడు. అది పెద్దింటి దర్పమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆయన చంకలోంచి ఒక గుడ్డమూట తీసి నా బల్లమీద విప్పాడు. అందులో రెండు ముక్కలైన తుపాకీ కట్టె ఉంది. భుజానికి ఆనించుకునే భాగం, మెడ దగ్గర విరిగిపోయింది.

"బండి మీంచి పడింది" అన్నాడు బాబా.

ఇనుప భాగమంతా ఇంట్లో తాళం వేసి ఉందట. లైసెన్సు ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఆయన తప్ప ఎవరూ ముట్టకూడదు. నేను పాతదాన్ని చూసి కొత్త కట్టె చెక్కి ఇస్తే, బిగించుకునే పని ఆయనే చూసుకుంటాడు. వేట రోజులు మొదలయ్యాయి. వచ్చే వారం శుక్రవారం నమాజు అయ్యాక ఇంట్లో మగవాళ్లంతా ఎడారికి బయల్దేరుతున్నారు.

"కొత్త తుపాకీ కొనిస్తానంటే వద్దంటాడు" అన్నాడు కఫీల్ నవ్వుతూ.

"ఇది ఉంటేనే వస్తాను. లేకపోతే నన్ను వదిలేసి వెళ్లండి" అన్నాడు బాబా. ఆయన నవ్వలేదు.

మర్యాదగా టీ పోసి బాబా కుడిచేతి పక్కన పెట్టాను. ఆయన దాని వైపు కన్నెత్తి చూడలేదు. టీ చల్లారి, పైన మీగడ కట్టింది. నాకు ఒళ్లు మండింది. అల్లం వేసి, యాలకులు దంచి పెట్టిన టీ అది! ఆ మంట మీదే విరిగిన కట్టెను తిప్పి చూశాను. ఎడమ వైపు చెంప ఆనడానికి కంపెనీవాడు చక్కగా ఉబ్బు పెట్టాడు. కుడి వైపు మాత్రం ఎవడో చాకుతో గీకి గీకి పెద్ద సొట్ట చేశాడు. దానికి తీరూ లేదు, తెన్నూ లేదు. కట్టెను అట్లా పాడుచేసినవాణ్ని చూస్తే నాకు ఆగదు.

"ఈ పని చేసినవాడికి ముఖ్ మాఫీ" అన్నాను. బుర్ర లేదని అర్థం. ఇక్కడికి వచ్చిన ప్రతివాడూ మొదటి వారంలోనే నేర్చుకునే అరబ్బీ అది.

కఫీల్ పకపకా నవ్వాడు. బాబా గడ్డం నిమురుకున్నాడు.

ఒక విల్లా తలుపుకు వాడగా మిగిలిన టేకు దిమ్మ ఉంటే, దాన్ని తీశాను. వారం రోజులు మధ్యాహ్నం భోజనం మానేసి దానిమీదే కూర్చున్నాను. ఇనుము కూర్చునే గాడిని పాత ముక్కలు పక్కన పెట్టుకుని వెంట్రుకవాసి తేడా లేకుండా దించాను. కుడి వైపు సొట్టను పూడ్చేసినట్టే లెక్క. అక్కడ అద్దంలా నున్నగా చేశాను. ఆ బుర్రలేనివాడి పాపం నా చేత్తో కడిగేశానని తెగ మురిసిపోయాను.

బుధవారం తండ్రీకొడుకులు వచ్చారు. బాబా కట్టెను అందుకుని కుడి భుజానికి ఆనించాడు. ఒక్క క్షణం అట్లాగే ఉంచి దించేశాడు. "కువైస్" అన్నాడు. బాగుందని. ఆ మాట కూరలో ఉప్పు సరిపోయిందన్నట్టు అని, గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం గదికి వెళ్లి మంచం మీద అలిగి కూర్చున్నాను. నాతోపాటు గదిలో ఉండేవాడు జగిత్యాల వైపు మనిషి, రంగులు వేసే పని. వరుస ఏమీ లేకపోయినా ఒకరినొకరం బావా అనుకుంటాం.

"ఏం బావా, ముసలాయన నీ కట్టెను జూసి మురిసిండా?" అన్నాడు.

"మురుసుడా? బేరం కుదరని బర్రెను జూసినట్టు జూసిండు."

"మరి గా మొఖం ఏంది, రేపు పండుగ వెట్టుకొని? మటన్ తెచ్చిన, లే."

మరునాడు గురువారం, దసరా. ప్రతి దసరాకూ నాకు జ్వరం వస్తుంది. ఆ రోజు పనిముట్లు ముట్టకూడదు. రందా, ఉలి, రంపం, చివరికి చెవిలో పెట్టుకునే పెన్సిలు కూడా కడిగి, తుడిచి, బొట్టు పెట్టి గది మూలన వరుసగా పడుకోబెడతాం. ఇదంతా కఫీల్‌కు అరబ్బీలో వివరించడం నా వల్ల కాదు. జ్వరమైతే ఒక్క మాటలో తేలిపోతుంది. పన్నెండేళ్లలో పన్నెండు జ్వరాలు.

మధ్యాహ్నం ఇద్దరం నేలమీద కూర్చుని ఎముకలు పీలుస్తుండగా ఎవరో తలుపు తట్టారు. బావ వెళ్లి తీశాడు. ఎదురుగా బాబా, చంకలో గుడ్డమూట! కొడుకు లేడు. డ్రైవరును రొట్టెలు కొనుక్కు రమ్మని పంపేశాడట.

నా నోట్లో నల్లిబొక్క ఉంది. జ్వరం ఎక్కడుందో వెతుక్కోవాలి.

బాబా లోపలికి వస్తూ తలుపుకు కుడి భుజం కొట్టుకున్నాడు. కూర్చుని నా పళ్లెం చూశాడు, మూలన బొట్లు పెట్టుకుని పడుకున్న పనిముట్లను చూశాడు.

"వాటికి ఏమైంది?"

"వాటికి ఈద్, బాబా. ఇవాళ సెలవు."

"నీ జ్వరం?"

"అది కూడా ఈదే."

ఆయన గడ్డం కదిలింది. నవ్వాడని కాస్త ఆలస్యంగా అర్థమైంది. తరువాత మూట విప్పి, కట్టెను ఎడమ భుజానికి ఆనించాడు. నేను నున్నగా పూడ్చిన చోట ఆయన ఎడమ చెంప పట్టడం లేదు. తల వంచుతాడు, మెడ సాచుతాడు, ఎంత అవస్థపడ్డా కన్ను ఇనుము కూర్చునే గాడికి సూటిగా రావడం లేదు.

"ఆ ముఖ్ మాఫీ మనిషిని నేనే" అన్నాడు.

ఆయన కుడి కంటి చూపు పోయి రెండేళ్లయిందట. ఎవరికీ చెప్పలేదు. చాకుతో సొట్ట చేసుకుని ఎడమ కంటితో కాల్చడం నేర్చుకున్నాడు. తుపాకీ బండి మీంచి పడలేదు. కుడి పక్కన గుడారం తాడు కనబడక దాన్ని తన్నుకుని ఆయనే తుపాకీ మీద పడ్డాడు. కన్ను సంగతి తెలిస్తే కొడుకు ఇక ఎడారికి తీసుకువెళ్లడు. ఇంట్లో ఏసీ కింద కూర్చోబెట్టి పండ్లు కోసిపెడతారు. "పండ్లు" అన్నప్పుడు ఆయన మొహం చూడాలి, జైలు అన్నట్టే ఉంది.

టీ ఎందుకు తాగలేదో అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల వంచుకున్నాను. మా నాన్న నాగలికి చేత్తో పట్టుకునే మేడి పెట్టేముందు కట్టెను కాదు, రైతును చూసేవాడు. రెండుసార్లు నడవమనేవాడు. నేనేమో మనిషిని చూడకుండా కట్టెను ముద్దు చేశాను.

కానీ భయం కూడా వేసింది. ఒంటికన్నుతో తుపాకీ అంటే ఆటలా?

"బాబా, గురి తప్పి మనిషికి తగిలితే?" అన్నాను. కఫీల్ తండ్రిని అట్లా అడగడం నాకే దడగా ఉంది.

ఆయన కోప్పడలేదు. "పరీక్ష పెట్టు" అన్నాడు.

నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. మంచం వెనక అల్మరా కోసం దాచుకున్న పొడవాటి చెక్కపట్టె ఉంది. చూడ్డానికి తిన్నగానే ఉంటుంది కానీ ఒకచోట లేశమాత్రం వంకర. వడ్రంగులు పట్టెను కంటి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి, అంచు వెంట చూస్తారు. మా పనిలో రెండో కన్నుకు పనే లేదు. పట్టె ఆయన చేతికిచ్చాను. ఆయన ఎడమ కంటితో ఆ చివరి దాకా చూసి, వంకర ఉన్నచోట వేలు పెట్టాడు. ఆ వంకర పట్టుకోవడానికి నాకు మొన్న రెండుసార్లు చూడాల్సి వచ్చింది.

"నీ జ్వరం నేను చెప్పను. నా కన్ను నువ్వు చెప్పకు" అన్నాడు. చేతులు కలుపుకున్నాం.

ఇక చెంప ఎక్కడ ఆనుతుందో కట్టెమీద గుర్తు పెట్టుకోవాలి. పెన్సిలు చూస్తే బొట్టు పెట్టుకుని పడుకుంది. నేను అటూ ఇటూ చూస్తుంటే పొయ్యి దగ్గర నుంచి బావ అందుకున్నాడు.

"పసుపు రాయరాదు బావా! ఆయన దవడకు రాసి కట్టెకు ఒత్తు. గంత సోయి లేదా?"

పసుపు తడిపి బాబా ఎడమ చెంపకు రాశాను. ఆయన చిన్నపిల్లవాడిలా కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కట్టెను చెంపకు ఒత్తుకోగానే పచ్చటి అచ్చు పడింది. ఎంత బాగా పడిందో! రేపు పొద్దున పండుగ విడిచాక చెక్కుతానని చెప్పి, తడి తువాలుతో ఆయన చెంప తుడిచి పంపించాను. పసుపు ఎంత తుడిస్తే పోతుందో పుట్టిన దగ్గర నుంచీ తెలిసినవాణ్ని. ఆ ఆనందంలో నాకు తట్టలేదు.

శుక్రవారం పొద్దున్నే దుకాణం తెరిచి ఉలి పట్టాను. సొట్ట సగం దిగింది. అప్పుడు కఫీల్ వచ్చాడు, ఒక్కడే.

"నిన్నటి నుంచి మా నాన్న ఎడమ చెంప పచ్చగా ఉంది" అన్నాడు. "అడిగితే దురద అంటాడు."

నా ముందు బిగించిన కట్టెమీద, సొట్ట చుట్టూ, అదే పచ్చదనం ఇంకా ఉంది. కఫీల్ దాన్ని చూశాడు. దగ్గరికి వచ్చి బొటనవేలితో సొట్టను నెమ్మదిగా తడిమాడు. నాకు నిజంగానే జ్వరం వచ్చేలా ఉంది. అయిపోయింది, ఇక కట్టెను తీసుకుపోయి పారేస్తాడు, ముసలాయన ముందు పండ్ల పళ్లెం పెడతారు, చిటికెడు పసుపుతో అంతా నేనే చేశాను అనుకున్నాను. ఏడుపొచ్చినంత పనైంది.

"పట్టెలో వంకర పట్టుకున్నాడు" అన్నాను. అడగకుండానే మొత్తం చెప్పేశాను, మాట ఇచ్చి కూడా. "నాకంటే బాగా పట్టుకున్నాడు."

ఆయన కట్టె మీదికి ఇంకాస్త వంగాడు. వేలు సొట్ట మీదే ఉంది.

"రెండేళ్ల నుంచి వేటలో ఆయన కుడి పక్కన నేనే నిలబడుతున్నాను" అన్నాడు. "ఇంటికి వచ్చేసరికి ప్రతిసారీ ఆ ఎడమ చెంప గీరుకుపోయి ఉంటుంది. ఆ పాత సొట్ట గరుకు. ఇక్కడ ఇంకా నున్నగా చెయ్యి."

వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "నాకు తెలుసని ఆయనకు చెప్పకు."

నమాజుకు ఇంకా మూడు గంటల సమయం ఉంది. సన్నటి గరుకు కాగితం తీసుకుని కూర్చున్నాను. మధ్యమధ్యలో నా ఎడమ చెంప ఆనించి చూసుకుంటూ, ఎక్కడా గుచ్చుకోనంతవరకు రుద్దుతూనే ఉన్నాను.