సున్నాకీ ఒకటికీ మధ్య చెరువు

ఇబ్రహీంపట్నం ప్రాంతంలో చెరువులు చూసే డిప్యూటీ ఇంజనీరుగా నన్ను వేసింది రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక వేసవిలో. అప్పటికే మోకాళ్లు అరిగాయి, ఫైళ్లంటే విసుగు పుట్టింది. మీర్‌పేట్ నుంచి రోజూ బస్సులో వెళ్లి రావడంతోనే సగం ప్రాణం పోయేది. అలాంటి వేళ పైవాళ్లు కొత్త పని అంటగట్టారు. వరదను ముందే పసిగట్టే కంప్యూటర్ నమూనా వస్తోంది, దానికి ఒక చెరువు కొలతలన్నీ సిద్ధం చేయాలి.

వాన మిల్లీమీటర్లలో ఉంటుంది, మట్టం అడుగుల్లో, నీళ్లు పరుచుకున్న మేర ఎకరాల్లో. వందల ఎకరాల పక్కన పది అడుగుల మట్టం యంత్రం కంటికి ఆనదు. అందుకని ప్రతి కొలతనూ సున్నాకీ ఒకటికీ మధ్యకు కుదిస్తారు. కొలతలోంచి కనిష్ఠాన్ని తీసేసి, మిగిలినదాన్ని గరిష్ఠానికీ కనిష్ఠానికీ ఉన్న తేడాతో భాగించడమే. అన్నిటికంటే తక్కువది సున్నా, ఎక్కువది ఒకటి. గరిష్ఠం దాటి ఏం వచ్చినా దాన్నీ ఒకటిగానే చూపేలా పెట్టారు.

ఆ కనిష్ఠ గరిష్ఠాలు ఇవ్వడం నా వంతు. మట్టం రిజిస్టర్లు తిరగేశాను. చాలా ఏళ్లు చెరువు సగం కూడా నిండలేదు. ఏ రోజూ పన్నెండు అడుగులు దాటలేదు, పాత రిజిస్టరులో ఒక్క రోజు మాత్రం పద్దెనిమిది అని ఉంది. అది లష్కర్ ఖాజా మియా రాసిన అంకె. లష్కర్ అంటే గట్టునూ తూములనూ కనిపెట్టుకుని ఉండే మనిషి. తొందరలో తప్పు రాసి ఉంటాడనుకుని ఎర్ర సిరాతో కొట్టేసి, పన్నెండే గరిష్ఠమని ఇచ్చాను.

మరుసటి వానాకాలం మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున ఒకసారి ఫోన్ చేసిన ఖాజా మియా మధ్యాహ్నం మళ్లీ చేశాడు.

"సార్, నీళ్లు మస్తు ఎక్కుతున్నయ్. మీ మిషిన్ ఏమంటున్నది?"

ఒకటి దగ్గర నిలకడగా ఉందని చెప్పాను. గంటగంటకూ పెరుగుదల కనబడితేనే అది హెచ్చరిక పంపుతుంది.

"పొద్దుగాల గూడ గట్లనే అన్నరు గద! అప్పటిసంది రెండడుగులు ఎక్కింది. మత్తడి కింద గుడిసెలున్నయ్, పై ఆఫీసర్లకు జర చెప్పున్రి."

మిగులు నీరు పొర్లే మత్తడి కింద పదకొండు కుటుంబాలున్నాయి. వాళ్లను ఖాళీ చేయించాలంటే నేను తహసీల్దారుకు కాగితం పెట్టాలి. తెర మీద హెచ్చరిక లేకుండా ఏమని పెట్టను? కాసేపు చూద్దామన్నాను. నా మాట పూర్తవకముందే అతను ఫోన్ పెట్టేశాడు. ఏం పొగరు వీడికని నాకు ఒళ్లు మండింది.

సాయంత్రం నేను చేరేసరికి మత్తడి కింద ఒక్క గుడిసె లేదు, అన్నీ నీళ్లలో కొట్టుకుపోయాయి. మనుషులు బడి వరండాలో తడిసి కూర్చున్నారు. ఎవరి ఆర్డరూ లేకుండా ఖాజా మియానే వాళ్లను తిట్టి, చేయి పట్టి బయటికి లాగాడట. పసిపిల్లలతో సహా లెక్కపెట్టుకున్నాను, అందరూ ఉన్నారు.

నేను కొట్టేసిన పద్దెనిమిది గురించి ఖాజా మియాను అప్పుడడిగాను.

"అవ్ సార్, నేనే రాసిన. గా దినమే మా తమ్ముడు వాగుల కొట్టుకపోయిండు."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "మీరెప్పుడు అడిగిన్రు?" అన్నాడు.

గరిష్ఠం సరిచేసి, నమూనాకు మళ్లీ మొదటి నుంచి నేర్పించాం. తప్పు నాదేనని నివేదికలో రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా రాశాను. ఆ ఉద్యోగం చివర్లో నేర్చుకున్నది ఇంతే: మిగతావాటితో పొసగని అంకె కనబడితే, కొట్టేసే ముందు దాన్ని రాసిన మనిషి దగ్గరికి వెళ్లాలి. ఖాజా మియా రోజూ గట్టు మీదే ఉన్నాడు. నేనే కుర్చీలోంచి లేవలేదు.