దీపాల వేళ వ్యాన్ చప్పుడు

మా అత్త బుచ్చమ్మకు బండి నడపడం రాదు. చావి తిప్పి ఇంజిన్ లేపడం మాత్రం వచ్చు. మా ఇంటాయన ఉన్నప్పుడు పొద్దున్నే వ్యాన్ కడిగి, "అవ్వా, నీ చేత్తో బోణీ చెయ్యి" అని తల్లినే సీట్లో కూర్చోబెట్టేవాడు. ఆమె చావి తిప్పాకే పాలకుర్తి అడ్డాకు పోయేవాడు. దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేవాడు.

ఆయన పోయాక వ్యాన్ రేకుల కిందే ఉండిపోయింది. దీపాల వేళకు అత్త ఒక్కతే పోయి అందులో కూర్చునేది. చావి తిప్పేది. ఇంజిన్ అందుకుని కాసింత గురగురమందో లేదో బంద్ చేసేది. నేను పొయ్యి దగ్గర ఆ చప్పుడు వినేదాన్ని. తర్వాత ఇద్దరం అన్నం తినేవాళ్లం.

ఈ వానకాలం చివర ఒకనాడు అది అందుకోలేదు. సెల్ఫ్ మోటారు గిరగిరా తిరిగింది, అంతే. మా మరిది ప్రతాప్ వచ్చి చూశాడు.

"ఇంజిన్ ఖతమైందే అవ్వా. రేపు తుక్కోణ్ని తీస్కొస్త."

"గోప్యాను సూడనియ్యి. ఆడు సచ్చిందంటె తీస్కపో" అంది అత్త.

గోప్యాది పెద్దవంగర దారిలో తండా. మా ఇంటాయన దోస్తు, మెకానిక్. తెల్లారి బ్యాటరీ, మీటర్ పట్టుకుని వచ్చాడు. మూడు ప్లగ్గులూ విప్పితే మూడూ తడిగా, నల్లగా ఉన్నాయి. ఒక ప్లగ్గు రంధ్రంలో గొట్టం బిగించాడు. దాని చివర గడియారంలాంటి మీటర్. లోపల పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతుందో దాని ముల్లు చూపిస్తుందట. గాలి జారిపోతే ఇంజిన్‌కు దమ్ము లేనట్టే.

"ఎవరన్న కూసోని ఎక్సలేటర్ మొత్తం తొక్కి చావి తిప్పాలె."

నేను కదిలేలోపే అత్త ఎక్కింది. ముల్లు సగం దాకా కూడా పోలేదు. మూడింట్లోనూ అంతే.

"నేజెప్పలే?" అన్నాడు ప్రతాప్.

"జర ఆగరాదె, పానం వోకముందే శవమని సున్నం జల్లినట్టు" అని గోప్యా ఒక్కో రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ తిప్పమన్నాడు. ఈసారి ముల్లు లేచింది.

అత్త మెడ చాచి, "బతికిందా?" అంది.

"ఆయిల్ వోస్తె లేస్తందంటె పిస్టన్ రింగుల కాడ గాలి వోతంది." గోప్యా ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల తీసి వాసన చూశాడు. "గీంట్ల అంత పెట్రోలే. అవ్వా, రోజూ లేపి ఎంటనే బంద్ జేస్తున్నవా?"

"పెట్రోల్ ఒడుస్తదని."

"ఏడెక్కకముందే బంద్ జేస్తె పెట్రోల్ సక్కగ కాలదు. లోపలున్న ఆయిలంత కడుగుతది. గిట్లనే జేస్తె నిజంగనే సస్తది."

అత్త చావి మీద నుంచి చెయ్యి తీసేసింది.

గోప్యా ఆయిల్ మార్చి, ప్లగ్గులు బిగించి లేపాడు. వాకిలంతా పొగ. పెద్దవంగర దాకా పోయి వేడెక్కించి తెచ్చి, ఆయిల్ పొయ్యకుండా మళ్లీ మీటర్ పెట్టాడు. రెండింట్లో ముల్లు బాగానే లేచింది. మూడోదాంట్లో కొంచెం తక్కువ.

"నడుస్తది. కని రోజూ నడువాలె. లేకుంటె అసల్కే ముట్టొద్దు."

మా ఇంట్లో నడిపేవాళ్లు లేరు. ప్రతాప్ చెప్పులేసుకున్నాడు. అత్త వ్యాన్‌లోంచి చావి తీసి గోప్యా చేతిలో పెట్టింది.

"పత్తి ఏరేటోళ్లను తోలుకో బిడ్డా. దీపాల యాళ్లకు తెచ్చి ఈడ వెట్టు."

"బోణీ నీ చేత్తోనే చెయ్యి అవ్వా."

"వద్దు. నా చెయ్యి దానికి వడలే."

మర్నాడు దీపం పెట్టి అత్త గడప మీద కూర్చుంది. మలుపు దగ్గరే చప్పుడు వినపడింది. ఆయన వచ్చినప్పటిలాగే పొయ్యి దగ్గర నుంచి లేచాను. వ్యాన్ రేకుల కింద ఆగింది.

"గోప్యా బిరేకు గట్టిగ తొక్కుతడు" అంది అత్త. "నా కొడుకు మెల్లగ ఆపుతుండె."

లోపలికొచ్చి కంచం ముందేసుకుంది.