కాశీనాథ్ కాక నాచుకు ఆకలి

కాశీనాథ్‌కు పొగ కనిపిస్తే కాలు నిలవదు. అయ్యో, ఇంత పొగ వృథాగా పోతున్నదే అని ప్రాణం కొట్టుకుంటుంది. ఉద్యోగమంతా బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటులో పొగను ఆకాశంలోకి తోలిన మనిషి, రిటైరై ఆర్మూరు చేరాక ఇంటి వెనక గాజుతొట్టిలో పచ్చటి నాచు పెంచుతున్నాడు. పొగలోని కార్బన్‌ను నాచు తింటుంది, బలిసిన నాచును ఎండబెడితే పసుపు చేనుకు ఎరువవుతుంది. ఇదంతా నిజమే గానీ, ఆయన చెప్పడం మొదలుపెడితే వినేవాళ్లకు భోజనం వేళ దాటిపోతుంది.

ఎవరు బండి స్టార్ట్ చేసినా రబ్బరు ట్యూబు పట్టుకుని వస్తాడు. "జర ఆగు బిడ్డా, నాచుకు ఆకలైతుంది." ఒకరింట్లో వ్రతానికి పిలిస్తే ప్రసాదం వదిలేసి ఊదుబత్తీలు అడిగాడు.

పక్కనే ఇంతియాజ్ పసుపు ఉడకబెట్టే బాయిలర్ ఉంది. సీజన్‌లో రైతులు తెచ్చిన పచ్చి కొమ్ములు దాని ఆవిరికి ఉడుకుతుంటే కట్టెల పొగ గల్లీ అంతా కమ్మేది. కిందటేడు కాశీనాథ్ వచ్చి చేతులు జోడించాడు.

"ఇంతియాజ్, నీ పొగ నాకియ్యి."

"పొగనా కాకా? పసుపు అడుగు, ఇస్త."

"నాచు పసుపు తినదు."

తన ఖర్చుతోనే పెద్ద గొట్టం వేయించుకున్నాడు. ఇంతియాజ్ ఊరుకుంటాడా? "కాక నాచును సాదుతున్నది నేనే" అని మార్కెట్ యార్డంతా చెప్పుకున్నాడు.

ఈసారి సీజన్ మొదట్లో బాయిలర్ కడిగి మళ్లీ బిగిస్తూ, ఇంతియాజ్ ఆ గొట్టానికి పొగకు బదులు ఆవిరి తగిలించాడు. మధ్యాహ్నానికి గల్లీలో పాలకూర ఉడికిన వాసన. తప్పు తెలిసి గొట్టం ఊడబీకి, తొట్టి దగ్గరికి పరుగెత్తాడు.

"మాఫ్ చెయ్యి కాకా. నాచును వండిన."

కాశీనాథ్ తొంగిచూశాడు. "ఉప్పు ఎయ్యలే" అన్నాడు. వెంటనే, "పో, ముందు పొగకు గొట్టం తగిలియ్యి. జల్ది."

"నాచే లేదు గదా. ఇంకెవరు తింటరు?"

అంతలో పొగ అటు తిరిగింది; బాయిలర్ వెనకింటి కిటికీ దభీమని మూసుకుంది. లోపల ఆ ఇంటి విద్యావతక్క ఊపిరాడక దగ్గుతోంది. ఇంతియాజ్ మొదటిసారి గొట్టం వెంట చూపు సారించాడు. అది ఆమె ఇల్లు దాటి, కప్పుల మీదుగా ఆకాశంలోకి లేచింది. తొట్టిలోకి దిగింది మాత్రం వేలంత లావు పాయ ఒక్కటే.

"అక్కకు దమ్ము రోగమున్నదని నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు బాయిలర్ బందు పెడ్తవని ఆమెనే వద్దన్నది. నీ ఇల్లు దాని మీదనే నడుస్తది గదా." కాశీనాథ్ చూపు తిప్పుకున్నాడు. "అయినా నాచు గూడ తింటుండె. జరంత."

ఇంతియాజ్‌కు సిగ్గూ, ఆ పెద్దాయన మీద ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి. వెళ్లి పొగకు గొట్టం బిగించాడు. దగ్గు తగ్గి కిటికీ తెరుచుకునేదాకా అక్కడే నిలబడ్డాడు.

కాశీనాథ్ సీసాలో ముందే దాచుకున్న నాచునీళ్లు పాలకు తోడు వేసినట్టు వేస్తే, నాచు మళ్లీ పుట్టింది. మొన్న బస్టాండు దగ్గర ఒకాయన బండి స్టార్ట్ చేస్తుంటే వెనక ఎవరో రబ్బరు ట్యూబు పట్టుకుని వంగి ఉన్నారు. కాశీనాథ్ కాదు.

"జర ఆగు భాయ్" అంటున్నాడు ఇంతియాజ్. "మా నాచుకు ఆకలైతుంది."